రాస్‌వెల్‌లో 1947లో పడింది బెలూనేనా? మీరేమంటారు?

చుక్కలరేడు:
ఎప్పటినుంచో ఇక్కడ అడగాలనుకుంటున్న ప్రశ్న ఇది. 1947 జూలై 8న అమెరికాలో, న్యూ మెక్సికో రాష్ట్రంలోని రాస్‌వెల్ సైనిక వైమానిక స్థావరం ఒక ప్రకటన ఇచ్చింది. తమకు ఒక ఎగిరే పళ్లెం దొరికిందని చెప్పింది వాళ్లే, పుకారు రాయుళ్లు కాదు. రాస్‌వెల్ డైలీ రికార్డ్ పత్రిక పతాక శీర్షిక పెట్టేసింది. తెల్లారేలోపు కథ మారిపోయింది. టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో జనరల్ రోజర్ రేమీ విలేఖరులను పిలిచి, అది వాతావరణ బెలూన్ అని తేల్చేశాడు.

అది మామూలు స్థావరం కాదు. అప్పట్లో అణుబాంబు వేయగలిగిన 509వ బాంబు దళం ఉండేది అక్కడే. ఆ దళం నిఘా అధికారి మేజర్ జెస్సీ మార్సెల్ స్వయంగా వెళ్లి శకలాలు తెచ్చాడు. అలాంటి మనిషి రబ్బరు బుడగను చూసి పొరబడతాడా? 1978లో స్టాంటన్ ఫ్రీడ్‌మన్ అనే అణుభౌతిక శాస్త్రవేత్త ఆయన్ని కలిశాడు. ఆ తర్వాత మార్సెల్ తాను ఏరిన సామాను ఈ భూమి మీదిది కాదని చెబుతూ వచ్చాడు. ఏదో దాచారని నా గట్టి నమ్మకం. ఎవరి వాదన వాళ్లు చెప్పండి, వెక్కిరింపులు మాత్రం వద్దు.

రేడియో మూర్తి:
మంచి ప్రశ్న. దాచారు అన్న మాట వరకు నేను మీతోనే ఉన్నాను. ఏం దాచారన్న దగ్గరే మన దారులు వేరు.

మార్సెల్ 1978లో ఏమన్నాడో అందరికీ తెలుసు. శకలాలు మొదట చూసిన పశువుల కాపరి మాక్ బ్రేజెల్ 1947లోనే ఏమన్నాడో చాలామంది చదవరు. జూలై 9న అదే పత్రికలో ఆయన మాటలు వచ్చాయి. జూన్ 14న పశువుల మేతభూమిలో రబ్బరు ముక్కలు, వెండి రేకు, గట్టి కాగితం, సన్నని పుల్లలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయట. రబ్బరు పొగచూరినట్టు బూడిద రంగులో ఉందట. రేకు, కాగితం, పుల్లలు అన్నీ కలిపి కట్టకడితే మూడడుగుల పొడవు, ఏడెనిమిది అంగుళాల మందం. మొత్తం బరువు ఐదు పౌన్లు, అంటే రెండు కిలోల పైచిలుకు. ఇంజన్ లేదు, లోహపు భాగం లేదు. అతుకులకు టేప్ వాడారు, కొంత టేప్ మీద పువ్వులు అచ్చువేసి ఉన్నాయి. నక్షత్రాలు దాటి వచ్చిన వాహనాన్ని పువ్వుల టేప్‌తో అతికిస్తారా చెప్పండి.

1994లో అమెరికా వైమానిక దళం అసలు సంగతి బయటపెట్టింది. ప్రాజెక్ట్ మోగల్ అనే రహస్య ప్రయోగం అది. సోవియట్ యూనియన్ అణుబాంబు పేలిస్తే ఆ శబ్దాన్ని వేల మైళ్ల దూరం నుంచి పట్టుకోవాలని వాళ్ల తాపత్రయం. ఆకాశంలో బాగా పైన ఒక పొరలో శబ్దం చెదిరిపోకుండా చాలా దూరం ప్రయాణిస్తుంది. అక్కడికి మైకులు పంపడానికి ఇరవైకి పైగా నియోప్రీన్ బెలూన్లను ఒకదాని కింద ఒకటి వరుసగా కట్టేవారు. మొత్తం పొడవు ఆరు వందల అడుగులు దాటేది. రాడార్‌కు కనబడటానికి మధ్యమధ్యలో రేకు అంటించిన కాగితపు గాలిపటాల్లాంటివి వేలాడదీసేవారు. నియోప్రీన్ ఎండకు మాడితే నల్లబడుతుంది. బ్రేజెల్ చెప్పిన ఒక్కో వస్తువునూ దీని పక్కన పెట్టి చూడండి.

పాలమూరు పిల్ల:
మూర్తి గారూ, మీరు చెప్పింది శ్రద్ధగా చదివాను. కానీ మీరు ఒక మాట వదిలేశారు. అదే వార్తలో బ్రేజెల్, తనకు అంతకుముందు రెండుసార్లు వాతావరణ బెలూన్లు దొరికాయని, ఇది మాత్రం అలాంటిది కాదని గట్టిగా అన్నాడు.

ఇంకొకటి. మోగల్ నాలుగో బెలూన్ జూన్ 4న ఎగిరి అక్కడ పడిందంటారు. ఆ ప్రాజెక్టు క్షేత్ర బృందానికి పెద్ద అయిన ఆల్బర్ట్ క్రేరీ డైరీలో ఆ రోజు పేజీలో మేఘాల వల్ల బెలూన్ ప్రయోగం జరగలేదని ఉంది. ఎగరని బెలూన్ ఎలా పడుతుంది? అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుడు స్టీవెన్ షిఫ్ పట్టుబడితే ప్రభుత్వ ఆడిట్ సంస్థ పాత కాగితాల కోసం వెతికి 1995లో నివేదిక ఇచ్చింది. రాస్‌వెల్ స్థావరం నుంచి 1946 అక్టోబరు నుంచి 1949 డిసెంబరు వరకు బయటకు వెళ్లిన సందేశాలన్నీ ధ్వంసమై ఉన్నాయి. మూడేళ్ల కాగితాలు లేకుండా పోతే అనుమానించకుండా ఎలా ఉంటాం?

జహీరాబాద్ శీను:
నా వైపు నుంచి ఒక అనుభవం. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది కదా, అక్కడి నుంచి ఎగిరినవి మా వైపు పడుతుంటాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో గుండ్రటి పెద్ద డబ్బా దిగితే జనం ఎలా ఎగబడ్డారో వీడియోలు చూసే ఉంటారు.

నా చిన్నప్పుడు మా కంది చేనులో ఒకటి పడింది. పల్చటి ప్లాస్టిక్ షీటు గట్ల వెంబడి ఎంత దూరం పరుచుకుందో! చివర్లో పారాచూట్, దానికి తాళ్లతో తెల్ల పెట్టె. చేత్తో ముట్టుకుంటే పాలిథిన్ సంచిలాగే ఉంది, కానీ ఇంకా సన్నం. రెండు రోజుల తర్వాత జీపులో వచ్చి తీసుకెళ్లారు. నేనూ మా చిన్నాయన కొడుకూ పక్కపక్కనే నిలబడి చూశాం. ఇప్పుడు వాడు తన పిల్లలకు చెప్పేటప్పుడు ఆ పెట్టెలోంచి నీలం వెలుగు వచ్చిందంటాడు. వాడు అబద్ధం చెప్పే మనిషి కాదు, నిజంగానే అలా గుర్తుంది. వెలుగేమీ లేదు, నేను అక్కడే ఉన్నా. మార్సెల్‌ను అడిగింది 31 ఏళ్ల తర్వాత. అందుకే నేను 1947 మాటలకే ఎక్కువ విలువ ఇస్తాను.

చుక్కలరేడు:
శీను అన్నా, నీ మాట కాదనలేను. కానీ మార్సెల్ కొడుకు సంగతి? అప్పటికి పదేళ్ల పిల్లాడు. నాన్న రాత్రి నిద్రలేపి వంటింటి నేల మీద శకలాలు పరిచి చూపించాడని, చిన్న కమ్మీలాంటి దాని మీద ఊదా రంగు గుర్తులు చూశానని ఆయన జీవితాంతం చెప్పాడు. తర్వాత డాక్టరయ్యాడు, సైన్యంలోనూ పనిచేశాడు. అంత నిలకడగా చెప్పిన మనిషిని ఎలా తోసిపుచ్చుతాం?

రేడియో మూర్తి:
తోసిపుచ్చనవసరం లేదు తమ్ముడూ. ఆయన చూసింది నిజమే అనుకుంటాను. మోగల్‌లో పనిచేసిన చార్లెస్ మూర్ ఆ రాడార్ గాలిపటాల గురించి ఏం చెప్పాడో చూడు: వాటిని తయారుచేసింది న్యూయార్క్‌లో బొమ్మల కంపెనీ, పుల్లలకు వేసిన టేప్ మీద గులాబీ-ఊదా రంగుల్లో పువ్వుల్లాంటి బొమ్మలు ఉండేవి. అర్ధరాత్రి, నిద్రమత్తు, నాన్న ఉత్సాహం. పదేళ్ల పిల్లాడికి ఊదా రంగు గుర్తులు ఇంకెలా కనబడతాయి?

పాలమూరు పిల్లా, క్రేరీ డైరీ గురించి నువ్వన్నది న్యాయమైన మాట. అయితే ఆ పేజీలో తర్వాతి వాక్యం కూడా ఉంది: బెలూన్ల గుత్తికి మైకు కట్టి పైకి పంపామని. అది పూర్తి వరుసా, చిన్న గుత్తా అన్నది ఆ పేజీ తేల్చదు. అక్కడ వాదనకు చోటుంది, ఒప్పుకుంటాను. రాస్‌వెల్ దగ్గర గ్రహాంతరవాసుల శవాలు చూశామని కొందరు చెప్పే కథకు 1997 నివేదికలో వైమానిక దళం ఇచ్చిన జవాబు నాకూ రుచించలేదు. జనం చూసింది పారాచూట్ పరీక్షల బొమ్మలను అన్నారు. ఆ పరీక్షలు జరిగింది 1950లలో. 1947 పత్రికల్లో శవాల ఊసే లేదు, ఆ కథలన్నీ 1978 తర్వాత పుట్టినవే అని నేరుగా చెప్పి ఉంటే సరిపోయేది. నాకు కోపం వచ్చేది కూడా అక్కడే. 47 ఏళ్లు వాతావరణ బెలూన్ అని బొంకి, తర్వాత నమ్మండి అంటే ఎవరు నమ్ముతారు?

పాలమూరు పిల్ల:
టేప్ సంగతి నాకు తెలియదు, మూర్తి గారూ. పుల్లలు, రేకు వరకు ఇప్పుడు మీ వైపే మొగ్గుతున్నా. కాగితాల ధ్వంసం మాత్రం నా మనసులోంచి పోదు.

చుక్కలరేడు:
నేను ఇంకా పూర్తిగా మారలేదు. మూర్తి గారు చెప్పారని ఆ జూలై 9 వార్త మొత్తం కూర్చుని చదివాను. చివర్లో బ్రేజెల్ అంటాడు: ఇకమీదట బాంబు తప్ప ఇంకేం దొరికినా తన నోటినుంచి మాట రాబట్టడం కష్టమే అని. సైన్యం బెదిరించిందని నాకు అనిపిస్తోంది. విలేఖరుల గోలకు విసిగిపోయాడని మీరంటారేమో. మీరు ఆ చివరి పేరా ఎలా చదువుతారో చెప్పండి.