గంధఫలి: పువ్వా, మొగ్గా?

ప్రశ్న: "నానాసూన వితాన వాసనల నానందించు సారంగమేలా నన్నొల్లదటంచు గంధఫలి..." అనే భట్టుమూర్తి వసుచరిత్ర పద్యం గురించి. తుమ్మెద తనని ఒల్లదని గంధఫలి (సంపెంగ) తపస్సు చేసి, అన్ని పూల పరిమళాలకీ నెలవైన ఆడదాని ముక్కుగా మారి, చూపులనే తుమ్మెదల్ని రెండు పక్కలా పొందిందని దాని భావం. అంత ఘాటైన సంపెంగ మీద తుమ్మెద ఎందుకు వాలదు? ఇది నేల సంపెంగ అని మా ఇంట్లో ఒక వాదన కూడా నడుస్తోంది.

జవాబు: నేల సంపెంగ కాదండీ, అది మెక్సికో నుంచి వచ్చిన మొక్క. ఇది చెట్టు సంపెంగ, సింహాచలంలో దొరికేది. ముందు 'గంధఫలి' సంగతి చూద్దాం. అమరకోశం అనే సంస్కృత నిఘంటువు చంపకం (సంపెంగ) పేర్లు చెప్పి, "ఏతస్య కలికా గంధఫలీ స్యాత్" అంటుంది. అంటే గంధఫలి విచ్చిన పువ్వు కాదు, మొగ్గ. ముక్కుతో పోలిక కుదిరేదీ మొగ్గకే.

ఇక తుమ్మెద. చాలా పూలలో వాసన మొగ్గలో తయారై దాగి ఉండదు, విచ్చే వేళకే తయారీ ఊపందుకుంటుంది. స్నాప్‌డ్రాగన్ పూలలో మిథైల్ బెంజోయేట్ అనే వాసన పదార్థాన్ని తయారుచేసే ఎంజైము మొగ్గలో నామమాత్రం, పువ్వు విచ్చాక కొన్ని రోజులకి బాగా పెరుగుతుంది. రావడానికి వాసనే లేకపోతే తుమ్మెదని తప్పుపట్టడం ఎందుకు?

విచ్చిన సంపెంగ కథ వేరు. గులాబీలో ఉండే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, మల్లెజాతిలో ఉండే ఇండోల్, నారింజ పూతలో ఉండే మిథైల్ ఆంత్రనిలేట్, మూడూ ఇందులో ఉన్నాయి. మొదటిది ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి వస్తుంది. మిగతా రెండూ ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లం తయారయ్యే దారిలో పక్కకి మళ్ళినవి. ఆ దారిలో వచ్చే ఆంత్రనిలిక్ ఆమ్లం ఉన్నపళంగా గాల్లోకి లేవదు. ఎంజైము దానికి ఒక మిథైల్ గుంపు తగిలిస్తే మిథైల్ ఆంత్రనిలేట్ అయి తేలిగ్గా ఆవిరవుతుంది. అయనోన్లు అని ఇంకో రకం కూడా ఉంది, అవి రేకులకు పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లు తెగితే పుడతాయి. ఇండోల్ మాత్రం తమాషా పదార్థం: పలచగా ఉంటే పూలవాసన, చిక్కబడితే మలం కంపు.

పద్యంలో 'సర్వసుమనస్సౌరభ్యసంవాసమై' (అన్ని పూల పరిమళాలకీ నెలవై) అన్నది అన్వయంలో ముక్కుకే చెందుతుంది, ఒప్పుకుంటాను. కానీ తపస్సు చేయకముందే సంపెంగకి ఆ వరం సగం ఉన్నట్టే కదా!

మరొకరు: బాగానే ఉంది గానీ గురువుగారూ, తుమ్మెద వాలదన్న కవిసమయం (కవుల్లో స్థిరపడిన ఊహ) విచ్చిన చంపకానికీ చెప్తారు. అమరం ఒక్కటి పట్టుకుని మొగ్గకే కట్టేస్తే ఎలా? కావ్యాల్లో గంధఫలిని సంపెంగ అనే అర్థంలోనే వాడేశారు.

జవాబు: నిజమే, కవి మొగ్గ శాస్త్రం ఆలోచించి రాశాడని నేననను. విచ్చిన పువ్వు మాటకొస్తే, సంపెంగ మాగ్నోలియా జాతిది. ఆ చుట్టాల్లో చాలావాటికి పరాగసంపర్కం చేసేవి పెంకు పురుగులు. అలాగని తేనెటీగలు అసలే వాలవనీ కాదు, పుప్పొడి కోసం వస్తుంటాయి. కాకపోతే ఆ మాట ఒప్పుకుంటే భట్టుమూర్తికి పద్యం ఉండదు!