కన్వర్షన్ సెట్టింగులు చూడ్డానికి మాత్రమే పనికొచ్చే టూల్: ఎవరైనా వాడుతున్నారా?

కొత్తగా_చేరా
మా టీమ్ చేతిలో 14 గూగుల్ యాడ్స్ అకౌంట్లున్నాయి. ఒక్కోదాంట్లోకి వెళ్లి కన్వర్షన్ (యాడ్ నొక్కి వచ్చి కొనడం, ఫారం నింపడం లాంటివి) సెట్టింగులు చూసేసరికి పూట గడిచిపోతోంది. ఏపీఐ (ప్రోగ్రామ్‌తో డేటా తెచ్చుకునే దారి) నుంచి లాగి చూపించే, ఏమీ మార్చలేని టూల్ ఒకటి పెట్టుకుందామనుకుంటున్నాం. మూడు డౌట్లు. ఏయే ఫీల్డులు తప్పకుండా చూడాలి? మేనేజర్ అకౌంట్‌లో (చాలా అకౌంట్లని కలిపి నడిపేది) పెట్టిన కన్వర్షన్ల సంగతేంటి? అంతా ఎక్సెల్‌లోకి దించుకోవడమెలా?

లెక్కల_పిచ్చి
మిగతావి తర్వాత, ముందు ప్రైమరీనా సెకండరీనా చూడండి. మామూలుగా ప్రైమరీ అంటే బిడ్డింగ్ (యాడ్‌కి ఎంత పెట్టాలో తేల్చడం) వాడుకునేది, సెకండరీ అంటే చూసుకోవడానికి మాత్రమే. మా దగ్గర సైటు ట్యాగ్‌తో ఒక పర్చేజ్, జీఏ4 (గూగుల్ అనలిటిక్స్) నుంచి ఇంపోర్ట్ చేసిన పర్చేజ్ ఇంకొకటి ఉండేవి. రెండూ ప్రైమరీయే. ఒక ఆర్డరొస్తే రెండు కన్వర్షన్లు. మూడు నెలలు బ్రహ్మాండం అనుకుని బడ్జెట్ పెంచుకుంటూ పోయాం. చివరికి గోదాం వాళ్లు అడిగారు, "ఇన్ని ఆర్డర్లు ఎక్కడున్నాయండీ?" అని. ఆ రెండు వరుసలూ ఒకే టేబుల్‌లో పక్కపక్కన ఉంటే మొదటి రోజే దొరికిపోయేది.

తాళంచెవి
"ఏమీ మార్చలేని టూల్" అని ఎవరు చెప్పారు మీకు? గూగుల్ యాడ్స్ ఏపీఐకి ఓఆత్ స్కోప్ (లాగిన్‌తో టూల్‌కి ఇచ్చే అనుమతి) ఒక్కటే. చదవడానికొకటి, రాయడానికొకటి అని విడిగా లేవు. టూల్‌లో మార్చే కోడ్ రాయలేదు కాబట్టి అది మార్చదు, అంతే. అడ్మిన్ లాగిన్‌తో తీసిన టోకెన్ (టూల్ లోపలికి వెళ్లడానికి వాడే కోడ్) బయటికి పోతే ఆ అడ్మిన్ చేయగలిగినవన్నీ అవతలివాడూ చేస్తాడు.

రాత్రిషిఫ్టు
కొత్తవాళ్లని భయపెట్టకండి. మా టూల్ ఏడాదిగా నడుస్తోంది. అందులో సెర్చ్ కాల్ (డేటా చదివేది) తప్ప ఇంకోటి లేదు. ఏమీ కాలేదు.

తాళంచెవి
తలుపు లేని ఇల్లు చూపించి దొంగ ఇంకా రాలేదుగా అన్నట్టుంది. టూల్ కోసం వేరే యూజర్‌ని పెట్టి, ఆ యూజర్‌కి అకౌంట్‌లోనే రీడ్-ఓన్లీ యాక్సెస్ ఇవ్వండి. అప్పుడు టోకెన్ పోయినా చూడ్డం తప్ప ఏమీ చేయలేరు. ఐదు నిమిషాల పని.

రాత్రిషిఫ్టు
మీకు ఐదు నిమిషాలు. మా క్లయింట్ కొత్త యూజర్‌ని చేర్చడానికి మూడు వారాలు తిప్పుతాడు.

తాళంచెవి
ఆ మూడు వారాలూ ఆగలేక టోకెన్‌ని అందరూ చూసే ఫోల్డర్‌లో పడేసినవాళ్లని చాలామందిని చూశాను.

రాత్రిషిఫ్టు
నేను పడేశానని ఎవరన్నారు?

తాళంచెవి
నేనైతే అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలెందుకు తడుముకుంటున్నారు?

పాతకాపు
కాస్త ఆగండి ఇద్దరూ. దీన్ని ఆడ్‌వర్డ్స్ అనే రోజుల నుంచి ఇదే పనిలో ఉన్నాను, పేరు మారింది 2018లో. ప్రైమరీ, సెకండరీ అంటే అ ఆ ఇ ఈలు. సెకండరీ అని కనబడిన కన్వర్షన్ యాక్షన్‌ని (లెక్కపెట్టే ఒక్కో రకం కన్వర్షన్) కూడా కస్టమ్ గోల్‌లో (మనం ఎంచుకున్న యాక్షన్ల గుంపు) చేర్చి క్యాంపెయిన్‌కి తగిలిస్తే బిడ్డింగ్ దాన్ని వాడుకుంటుంది. ఇది తెలియక కన్వర్షన్ యాక్షన్ల టేబుల్ ఒక్కటే లాగి అంతా బాగుందనేవాళ్లే ఎక్కువ. క్యాంపెయిన్ల వైపు గోల్స్ కూడా లాగాలి. ఇంకోటి, కౌంటింగ్. లీడ్ ఫారాలకి "వన్" పెట్టుకోండి, మనిషికి ఒక్కసారే లెక్కపడుతుంది.

క్లిక్కుకొకటి
మనిషికి కాదండీ, యాడ్ క్లిక్‌కి. అదే మనిషి రేపు మళ్లీ యాడ్ నొక్కి వచ్చి మళ్లీ ఫారం నింపితే రెండోది కూడా పడుతుంది. దీని మీదే మా క్లయింట్‌తో రెండు మీటింగులు కొట్టుకున్నాం.

పాతకాపు
అదే నా ఉద్దేశం. తొందరలో టైప్ చేశాను.

క్లిక్కుకొకటి
😀

మరుపు_రాదు
నా గోడు వేరు. కొనేముందు నెలల తరబడి ఆలోచించే సరుకు మాది. అందుకని క్లిక్ విండోని (క్లిక్ చేశాక ఎన్ని రోజుల్లోపు కొంటే లెక్కలోకి వస్తుందో) డిఫాల్ట్ 30 రోజుల నుంచి గరిష్ఠంగా ఇచ్చే 90కి పెట్టుకున్నాం. మధ్యలో ఎవరో 7 చేసేశారు. కన్వర్షన్లు పడిపోతుంటే యాడ్స్ బాగోలేవని రాసినవాళ్లని తిట్టాం పాపం. తీరా 90కి మార్చాక కూడా పాతవి తిరిగి రాలేదు, మార్చిన దగ్గర్నుంచే లెక్క. ఇక్కడ టూల్ కూడా పెద్దగా ఆదుకోదు. ఇవాళ ఎంత ఉందో చెబుతుంది, నిన్నటిది చెప్పదు. అందుకే ఇప్పుడు రోజూ పొద్దున్నే మొత్తం లాగి తేదీ వేసి దాచుకుంటున్నాం. నిన్నటి షీటుకీ ఇవాళ్టి షీటుకీ తేడా ఉంటే ఎరుపు రంగు.

లెక్కల_పిచ్చి
విలువ కాలమ్ కూడా ఆ షీటులో పెట్టండి. "ఎప్పుడూ డిఫాల్ట్ విలువే వాడు" అని టిక్ ఉండి, డిఫాల్ట్ 1 అని ఉంటే ఎంత పెద్ద ఆర్డరొచ్చినా 1 అనే పడుతుంది. ఆ లెక్క మీద రోయాస్ (యాడ్ ఖర్చుకి వచ్చే రాబడి) టార్గెట్ పెట్టిన మహానుభావుడు మా ఆఫీసులోనే ఉన్నాడు.

రాత్రిషిఫ్టు
మా దాంట్లో ఎప్పుడో తీసేసిన యాక్షన్లు కూడా వరుసగా వచ్చేస్తున్నాయి. ఒకదాని పేరు "టెస్ట్2_ఫైనల్_కొత్తది_వాడొద్దు". ప్రైమరీ అని కూడా ఉంది. గుండె జారిపోయింది.

మరుపు_రాదు
స్టేటస్ "రిమూవ్డ్" ఉన్నవాటిని క్వెరీలోనే వడగట్టేయండి. పేర్ల సంగతి ఎత్తితే మాత్రం తెల్లారిపోతుంది. మా దగ్గర "థాంక్యూ" ఒకటి, "థాంక్స్" ఒకటి. ఏది ఏ పేజీదో పెట్టినవాడు ఉద్యోగం మారి వెళ్లిపోయాడు.

కొత్తగా_చేరా
అందరికీ థాంక్స్. యూజర్‌కి రీడ్-ఓన్లీ యాక్సెస్ పెట్టించాను, గంటలో అయిపోయింది. మేనేజర్ అకౌంట్ గురించి, ఎక్సెల్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

క్లిక్కుకొకటి
అకౌంట్‌లో కన్వర్షన్ ట్రాకింగ్ స్టేటస్ లాగండి. సొంతంగా నడుపుకుంటోందా, మేనేజర్ చేతిలో ఉందా, వేరే మేనేజర్ చేతిలో ఉందా అన్నది అక్కడే తెలుస్తుంది. మేనేజర్‌దైతే సెట్టింగులు మార్చాల్సింది అక్కడే.

రాత్రిషిఫ్టు
గంటలో అయిపోయిందా? మీ క్లయింట్‌ని మాకివ్వండి బాబూ.

కొత్తగా_చేరా
ఎక్సెల్?