అప్‌డేట్: కటూంబాలో కనిపించింది పైడ్ కరావాంగే

ఆస్ట్రేలియాలోని బ్లూ మౌంటెన్స్‌లో, కటూంబా ఊళ్లో తీసిన నల్లపిట్ట ఫొటో పెట్టి, అది గ్రే కరావాంగా, పైడా (కరావాంగ్ అంటే అక్కడి కాకిలాంటి పిట్ట) అని ఇంతకుముందు అడిగాను కదా, తేలిపోయింది: పైడ్. సాయం చేసిన అందరికీ థాంక్స్.

తోక మొదలు చూడమన్న సలహాతోనే పని జరిగింది. రెక్కలు విప్పి ఎగిరే ఫొటోను పెద్దది చేస్తే, వీపు కింద, తోక మొదలయ్యే చోట తెల్లటి నెలవంక స్పష్టంగా ఉంది. గ్రేకి తోక అడుగున, చివర తెలుపుంటుంది గానీ పైన ఆ నెలవంక ఉండదు. కూర్చున్నప్పుడు రెక్కలు దాన్ని కప్పేస్తాయి, మొదటి ఫొటోతో తేలకపోవడానికి కారణం అదే.

కన్ను రంగు ఇక్కడ పనికిరాలేదు, కరావాంగ్‌లలో గ్రే, పైడ్, బ్లాక్ మూడు జాతులకీ పసుపే. మ్యాగ్‌పై (అక్కడి మరో నలుపు తెలుపు పిట్ట) కాదని చెప్పడానికి మాత్రం చాలు, దాని కన్ను ఎర్రగోధుమ. ఒంటి రంగునూ నమ్మొద్దు, గ్రేలో దాదాపు నల్లగా ఉండేవీ ఉన్నాయి. బ్లాక్ కరావాంగ్ టాస్మేనియా పిట్ట, ఇక్కడ లెక్కలోకే రాదు.