యూకే వీసా బ్యాలెట్‌లో పేరొస్తే రుషికొండ ఉద్యోగం వదిలేయొచ్చా?

ఎంవీపీ_సెక్టార్4:
యూకే వీసా బ్యాలెట్ (దరఖాస్తుకి ఎవరిని పిలవాలో లాటరీలో తీయడం) ఫలితాలు వచ్చిన ప్రతిసారీ వైజాగ్ గ్రూపుల్లో ఇదే రచ్చ, ఇక్కడే తేల్చుకుందాం. యూకే–ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్: 18–30 ఏళ్లు, కనీసం డిగ్రీ, ఏడాదికి 3,000 మందికి, రెండేళ్లు అక్కడ ఉండి పని చేసుకునే వీసా. స్పాన్సర్ (వీసాకి పూచీపడే కంపెనీ) అక్కర్లేదు, ఆఫర్ లేకుండానే విమానం ఎక్కొచ్చు. కానీ పొడిగింపు లేదు, భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తీసుకెళ్లే వీల్లేదు. నెలనెలా జీతం పడుతున్నవాళ్లు దీనికోసం రాజీనామా చేయడం దండగని నా అభిప్రాయం.

సిరిపురం_సర్కిల్:
ఎంత దండగో లెక్కేసి చెప్పండి సార్. వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 319 పౌండ్లు అయింది, హెల్త్ సర్‌చార్జి (అక్కడి ప్రభుత్వ వైద్యానికి ముందే కట్టేది) ఏడాదికి 776 చొప్పున 1,552. ఆ లెక్కన వెరసి 1,871. వీసా రాకపోతే సర్‌చార్జి తిరిగొస్తుంది, ఫీజు రాదు. టీబీ పరీక్ష, టికెట్ అదనం. ఎమ్మెస్ పేరుతో లక్షలకు లక్షలు అప్పు చేసి వెళ్లేవాళ్లకి చదువయ్యాక దక్కేదీ రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసానే. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి అదీ 18 నెలలే. అన్నట్టు, బ్యాలెట్‌కి ఫీజు లేదు, పేర్లు లాటరీ తీసినట్టే తీస్తారు. ద్వారకానగర్ కన్సల్టెన్సీల్లో ఎవరైనా "పేరు గ్యారంటీ" అని డబ్బడిగితే లేచి వచ్చేయండి.

గాజువాక_ఆడిటర్:
ఫీజుల కన్నా వీసాకి చూపించాల్సిన సేవింగ్స్ దగ్గర జాగ్రత్త. 2,530 పౌండ్లు మీ ఖాతాలో వరసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. ఆ 28వ రోజు దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపు పడాలి. నాన్నగారి ఎఫ్‌డీ పనికిరాదు. పౌండు 120 అనుకుంటే 3,03,600 రూపాయలు. సరిగ్గా అంతే వేసి కూర్చున్నారనుకోండి, 19వ రోజున క్రెడిట్ కార్డు ఆటోడెబిట్‌కి ఆరువేలు పోతే బ్యాలెన్స్ 2,97,600. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. పైగా మారకం రేటు దరఖాస్తు చేసిన రోజుది చూస్తారు. మూడున్నర లక్షలు పెట్టి, ఆ ఖాతాకున్న యూపీఐ, ఈఎంఐలన్నీ తీసేయండి. వీసా ఫీజు వేరే ఖాతాలోంచి కట్టండి.

ఎంవీపీ_సెక్టార్4:
డబ్బు సంగతి సరే. రెండేళ్లకి వెళ్లిపోయేవాణ్ణి ఏ కంపెనీ తీసుకుంటుంది?

సిరిపురం_సర్కిల్:
అందుకే ముందు ఆరు నెలలు, ఏడాది కాంట్రాక్టులకి అప్లై చేయాలి. చాలా ఫారాల్లో "ఇప్పుడు గానీ మున్ముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా" అని అడుగుతారు. ఇప్పుడు అక్కర్లేదు, తర్వాత కావాలనుకుంటే దాచకండి. సీవీలో పైనే వీసా పేరు, ముగిసే నెల వేయండి. ఫొటో, పుట్టినతేదీ, తండ్రి పేరు తీసేయండి. రెండేళ్ల తర్వాతా అక్కడే ఉండాలంటే కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసాకి మారాలి. 2025 జూలై 22 నుంచి దానికి మామూలు కనీస జీతం 41,700 పౌండ్లు, 26 ఏళ్ల లోపువాళ్లకి 33,400. ఆ ఉద్యోగానికి విడిగా పెట్టిన రేటు ఎక్కువైతే అదే లెక్క. చేరిన రోజే స్టార్టర్ చెక్‌లిస్ట్ (కొత్త ఉద్యోగి పన్ను వివరాల ఫారం) నింపండి. లేకపోతే ఎమర్జెన్సీ ట్యాక్స్ కోడ్ (వివరాలు తెలిసేదాకా వేసే తాత్కాలిక పన్ను లెక్క) పడి మొదటి జీతంలో ఎక్కువ కోసేయొచ్చు. తర్వాత సర్దుతారు, కానీ అద్దె కట్టాల్సింది ఆ నెలే కదా.

భీమిలి_బీచ్:
అద్దె మాట ఎవరూ ఎత్తరేటండీ! 2021 లెక్కల్లో లండన్ జనంలో పదిమందికి నలుగురు వేరే దేశంలో పుట్టినవాళ్లే. కొత్త మొహమని ఎవరూ వింతగా చూడరు. క్రెడిట్ హిస్టరీ లేని మొహానికి ఇల్లివ్వమంటే మాత్రం ఏజెంట్లు నసుగుతారు. అందుకే మనవాళ్లు లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో తెలుగువాళ్ల గదుల్లో దిగుతుంటారు. దిగండి, తప్పులేదు. అగ్రిమెంట్ లేని గది మాత్రం వద్దు: కాగితం మీద మీ పేరు లేకపోతే చిరునామా రుజువు ఉండదు, అది లేకపోతే కొన్ని బ్యాంకులు ఖాతా తెరవవు. డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదని 2019 చట్టం. టెనెన్సీ అయితే ఆ డబ్బుని 30 రోజుల్లో రక్షణ స్కీములో వేయాలి. ఓనరు కూడా అదే ఇంట్లో ఉంటే మీరు లాడ్జర్. ఈ 30 రోజుల నియమం మీకు వర్తించదు.

గాజువాక_ఆడిటర్:
రాజీనామాకి వద్దాం, ఇక్కడ వరస ముఖ్యం. బ్యాలెట్‌లో పేరొచ్చిందన్న ఆహ్వానం మెయిల్ చూసి పేపర్ (రాజీనామా) వేసేయొద్దు. దరఖాస్తుకి 90 రోజులుంటాయి, నిర్ణయానికి సాధారణంగా మూడు వారాలు. ప్రయాణం తేదీ దరఖాస్తు నాటి నుంచి ఆరు నెలల్లోపు పెట్టుకోవచ్చు. రెండేళ్లూ వీసా మీదున్న తేదీ నుంచి లెక్క, మీరు హీత్రోలో దిగిన రోజు నుంచి కాదు. ఐదో నెలలో తేదీ పెట్టుకుని, వీసా వచ్చాక పేపర్ వేస్తే 90 రోజుల నోటీసూ నిండుతుంది, వీసాలో రోజులూ పోవు.

ఎంవీపీ_సెక్టార్4:
అయినా నా ఓటు మారదు. హోమ్‌లోన్ ఉన్నవాళ్లకి కొలువు దొరికేదాకా ఈఎంఐ ఎవరు కడతారు?

సిరిపురం_సర్కిల్:
ఆరు నెలల ఈఎంఐ విడిగా లేకపోతే నేనూ వద్దనే అంటాను; ఆ 2,530 అద్దెకీ తిండికీ రెండు నెలలు వస్తే గొప్ప. వెళ్లేవాళ్లు మాత్రం రిలీవింగ్ లెటర్‌తో పాటు రిఫరెన్స్ మెయిల్‌కి జవాబిచ్చే హెచ్‌ఆర్ ఐడీ కూడా తీసుకోండి. అక్కడ ఆఫర్ ఇచ్చాక పాత కంపెనీకి రాసి కనుక్కుంటారు. ఇక్కణ్ణుంచి జవాబు రాకపోతే చేరే తేదీ వెనక్కి జరుగుతుంది.