చచ్చిన కాకిని మోసింది నేను, సరే. ఈ వేసవి కాకిపిల్లలకెలా తెలిసింది?

గట్టుమీదోడు:
మాది అల్లవరం పక్కండి, రెండెకరాల రొయ్యల చెరువు. సంక్రాంతి ముందు ట్రాన్స్‌ఫార్మర్ కింద ఓ కాకి చచ్చి పడుంది. "గడకి కట్టి గట్టుమీద పాతరా, మిగతావి వాలవు" అన్నారు నాన్న. కాళ్లు పట్టుకుని తీసుకెళ్లి కట్టాను. అంతే! అప్పట్నుంచి షెడ్డు దాటితే చాలు, కొబ్బరిచెట్ల మీంచి కావుకావుమని వెంటపడుతున్నాయి. పక్క చెరువు కాపలా కుర్రాడు చెక్‌ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే వలతట్ట) పైకి తీస్తే దాంట్లోంచే రొయ్య ఎత్తుకుపోతాయి గానీ, అతన్ని ఏమీ అనవు.

ఈ వేసవిలో పుట్టిన పిల్లలు కూడా (నోరు తెరిస్తే లోపలింకా ఎర్రగానే ఉంది) నన్ను చూసి అరుస్తున్నాయి. అప్పటికి అవి గుడ్డులో కూడా లేవు కదండీ!

లంక_రాజు:
ఏల్నాటి శని బాబాయ్. శనివారం ఓ ముద్ద పెట్టు.

జువాలజీ_మేడం:
పాపం, శనీశ్వరుణ్ణి వదిలేయండి. 2006లో అమెరికాలోని సియాటిల్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీ శాస్త్రవేత్త జాన్ మార్జ్‌లఫ్ బృందం ఆదిమానవుడి ముసుగు పెట్టుకుని కొన్ని కాకుల్ని పట్టి, కాళ్లకి రింగులేసి వదిలింది. తర్వాత ఆ ముసుగుతో ఎవరు కనబడినా తిట్లే. అయిదేళ్లలో ఆ తిట్లు రెట్టింపై, 1.2 కిలోమీటర్ల దాకా పాకాయి. అమ్మానాన్నలు తిడుతుంటే పక్కన కూర్చుని చూసిన పిల్లలు, రెక్కలొచ్చి విడిపోయాక తమంతట తామే తిట్టాయి. మీవీ ఆ బడిలోనే చదువుకున్నట్టున్నాయి. అదే యూనివర్సిటీ నుంచి 2015లో ఇంకో పరిశోధన వచ్చింది: చచ్చిన కాకిని పట్టుకున్న మనిషిని ఆరు వారాల తర్వాత, వట్టి చేతులతో వచ్చినా, గుర్తుపట్టాయి. అవి అమెరికా కాకులనుకోండి, మనవి వేరే జాతి.

"పిట్ట బుర్ర" అని తీసిపారేయకండి. కాకి బంధువు రేవెన్‌కి 14 గ్రాముల మెదడులోనే 200 కోట్లకు పైగా న్యూరాన్లు లెక్కతేలాయి. చిన్నదే, కానీ కిక్కిరిసి ఉంటుంది.

అనుమానం_సత్తిబాబు:
మొహమేనని ఎలా చెప్తారండీ? మీరు రోజూ ఒకే తువ్వాలు చుట్టుకుంటారా?

గట్టుమీదోడు:
ఆయ్, ఎర్ర తువ్వాలేనండి. ఆ రోజూ అదే.

జువాలజీ_మేడం:
అయితే అది ఇంకెవరికైనా చుట్టి పంపండి. సియాటిల్‌లో స్వయంగా పట్టుబడిన కాకులు ఏది అసలు ముసుగో, ఏది కాదో బాగా పోల్చుకున్నాయి. చూసి నేర్చుకున్నవి అంత కచ్చితంగా పోల్చుకోలేదు.

గట్టుమీదోడు:
నిన్న పొద్దున్న మా బావకి చుట్టి పంపానండి. పెద్దవి తల వంచి చూసి ఊరుకున్నాయి. ఎర్రనోటివి మూడు మాత్రం ఏరియేటర్ల దాకా తరిమాయి. నేను వట్టి తలతో వెళ్తే పెద్దవీ చిన్నవీ అన్నీ లేచాయి. ఒక్క పూట చూసిందే లెండి, ఇంకో వారం చూద్దామనుకున్నాను. బావేమో చెరువు వైపు రానంటున్నాడు.

లంక_రాజు:
ముద్ద మీ బావ చేత పెట్టించు.