అప్‌డేట్: ఈసీజీలో పీ వేవ్ దొరికింది, క్యూఆర్ఎస్ వెనకాల

పోయిన వారం అడిగాను కదా, కళ్లు తిరుగుతున్నాయని దేవరకొండ వైపు నుంచి నల్లగొండకు, మా వార్డుకు వచ్చిన పెద్దాయన గురించి. ఈసీజీలో పీ వేవ్స్ (గుండె పై గదుల కరెంటు గీసే చిన్న అలలు) కనబడలేదు, మెషిన్ మాత్రం ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పై గదులు క్రమం తప్పి వణకడం) అని ప్రింట్ చేసింది. నాకు నమ్మకం కుదరక, నిజంగా అదేనా అని మిమ్మల్ని అడిగాను.

మీరు చెప్పినట్టే తెల్ల కాగితం అంచు మీద ఆర్ వేవ్స్‌కి (క్యూఆర్ఎస్‌లో పైకి లేచే మొనలకి) గీతలు పెట్టి, పక్కకు జరుపుతూ చూశాను. ప్రతి గీతా సరిగ్గా కూర్చుంది. రెండు గీతల మధ్యలో 33 చిన్న గడులు. ఈసీజీ కాగితం నిమిషానికి 1500 చిన్న గడులు నడుస్తుంది కాబట్టి, 1500ని 33తో భాగిస్తే నిమిషానికి 45. ఇంత క్రమంగా ఉంటే ఫిబ్రిలేషన్ ఎలా అవుతుంది? క్యూఆర్ఎస్ (కింది గదుల కరెంటు గీసే పెద్ద మొన) కూడా సన్నగా, రెండు గడులే. అప్పుడు కనిపించింది, లీడ్ 2లో (లీడ్ అంటే గుండెను ఒక్కో కోణం నుంచి చూసే గీత) క్యూఆర్ఎస్ అయిపోగానే కిందికి చిన్న నొక్కు. లీడ్ 3లో, ఏవీఎఫ్‌లో అదే. ఏవీఆర్‌లో పైకి. అదే తలకిందులైన పీ! పై గదులకూ కింది గదులకూ మధ్య ఉండే జంక్షన్‌లో పుట్టిన కరెంటు పై గదులకు వెనక్కి ఎక్కుతుంది కాబట్టి అలా. ఒక్కోసారి ఈ పీ క్యూఆర్ఎస్ కన్నా ముందే వస్తుందట, అప్పుడు పీఆర్ (పీ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా) మూడు చిన్న గడుల కన్నా తక్కువ.

డ్యూటీ డాక్టర్ గారు చూసి జంక్షనల్ ఎస్కేప్ అన్నారు, అంటే గుండెను మామూలుగా నడిపే సైనస్ నోడ్ మందగిస్తే జంక్షన్ నడపడం, నిమిషానికి 40-60 మధ్య కొట్టుకునేది. రక్తంలో పొటాషియం నార్మల్, కారణం అది కాదు. మందుల సంచి తెప్పిస్తే మెటోప్రొలాల్, డిల్టియాజెమ్ అనే మందులు రెండూ ఉన్నాయి, వేర్వేరు చోట్ల రాసినవి. రెండూ సైనస్ నోడ్‌ని నెమ్మదింపజేసేవే. ఆపేసి మానిటర్ మీద పెట్టారు.

మూడో రోజు పొద్దున లీడ్ 2లో పీ నిటారుగా, క్యూఆర్ఎస్ ముందు, అంటే సైనస్ నోడ్ మళ్లీ నడుపుతోంది. రేటు 68. ఆ ఈసీజీ పట్టీ పట్టుకుని పెద్దాయన దగ్గరికే పరిగెత్తాను.