అప్‌డేట్: ఐబీరియా వ్యాన్ నమూనా టైర్లు పీఠానికి అతుక్కోవడానికి కారణం తెలిసింది

1963 నుంచి స్పెయిన్‌లోని విటోరియాలో తయారైన డీకేడబ్ల్యూ ఎఫ్ 1000 ఎల్ వ్యాన్‌కు ఐబీరియా విమానసంస్థ రంగులు వేసిన 1:43 నమూనా (అసలు వ్యాన్ కొలతల్లో 43వ వంతు ఉండే చిన్న బొమ్మ) నా దగ్గర ఉందని, దాని టైర్లు ప్లాస్టిక్ పీఠానికి అతుక్కుని గుంటలు చేస్తున్నాయని ఇక్కడ అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పాత నమూనాలను బాగుచేసే నిపుణుడికి చూపించగా, మీలో ఒకరు ఊహించినదే నిజమని తేలింది: మెత్తని పీవీసీ టైర్లలో మెత్తదనం కోసం కలిపే ద్రవం ఏళ్ల తరబడి నెమ్మదిగా బయటకు ఊరి, తాకిన పాలీస్టైరీన్‌ను, అంటే పీఠం తయారైన గట్టి ప్లాస్టిక్‌ను, కరిగిస్తుంది. గదిలోని తేమకు దీనితో సంబంధం లేదు. నేను ఎంతో భయపడిన జింక్ తెగులు, అంటే సీసం వంటి మలినాలు కలిసిన జింక్ మిశ్రమలోహం పగుళ్లిచ్చి పొడిపొడి కావడం, ఈ బాడీలో ఎక్కడా లేదు.

ఐబీరియా సంస్థ ఎరుపు, పసుపు ‘ఐబీ’ చిహ్నం లేదు కనుక నమూనా నకిలీదేమో అన్న అనుమానం కూడా తీరింది. ఆ చిహ్నం వచ్చింది 1977లో, కాబట్టి అరవైల నాటి వ్యాన్‌పై అది లేకపోవడమే సరైనది.

టైర్లను గోరువెచ్చని సబ్బునీటితో తుడిచి, చక్రాలు పీఠాన్ని తాకకుండా ఛాసిస్ కింద చిన్న లోహపు దిమ్మెలు పెట్టాము. పీఠంపై పడిన గుంటలు మాత్రం పోవు.